వికీపీడియాలో మామయ్య సర్టిఫికెట్ పేజీ తీసేస్తున్నారు, నన్ను ఆపమంటున్నారు

కావలి నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేర్లు, ఆనవాళ్లు తీసేసి విషయం మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 29 ఏళ్లు. ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ లెక్చరర్. ఆరేళ్లుగా తెలుగు వికీపీడియాలో రాస్తున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ల పేజీల్లో తప్పులు దిద్దడం, గుళ్లూ చెరువులూ ఫొటోలు తీసి ఎక్కించడం, మూలాలు లేని చోట వెతికి చేర్చడం ఆమెకు ఇష్టమైన పని. నాన్న ఆమె చిన్నతనంలోనే పోయారు. ఎంసీఏ దాకా ఫీజులు కట్టింది మేనమామే. ఆయన చాలాకాలం రొయ్యల మేత కంపెనీలో చేసి, తర్వాత కన్సల్టెంటుగా గుంటల వెంట తిరిగి, 2019లో నెల్లూరులో సొంతంగా ఒక శిక్షణ సంస్థ పెట్టారు. ఆరు వారాల కోర్సు, 35 వేల ఫీజు, చివర్లో ‘సర్టిఫైడ్’ అనే మాటతో మొదలయ్యే పొడవాటి పేరున్న సర్టిఫికెట్. ఆ పేరు ఆమె రాశారు, నేను ఇక్కడ వేయడం లేదు.

రెండేళ్ల కిందట డిజిటల్ మార్కెటింగ్ చేసే ఒకతను 60 వేలు తీసుకుని ఆ సర్టిఫికెట్ మీద ఇంగ్లిష్ వికీపీడియాలో ఒకటి, తెలుగు వికీపీడియాలో ఒకటి పేజీలు పెట్టాడు. అప్పటినుంచి సంస్థ బ్రోచర్ మీద ‘వికీపీడియాలో నమోదైన సర్టిఫికెట్’ అని అచ్చవుతోంది. ఇప్పుడు ఇంగ్లిష్ పేజీ మీద తొలగింపు చర్చ మొదలైంది. తెలుగు పేజీకీ తొలగింపు మూస, అంటే ఈ పేజీని తీసేయాలన్న ప్రతిపాదన పట్టీ, పడింది. ప్రచారంలా ఉంది, స్వతంత్ర మూలాలు లేవు అన్నవి కారణాలు. మామయ్య ఫోన్ చేసి, "ఏందమ్మా ఇది, నువ్వు ఆడనే ఉన్నావు గదా, మీ వాళ్లకి ఒక మాట చెప్పు. అట్ట తీసేస్తే నా పరువేం గావాల?" అన్నారట.

ఆయన కొడుకు ఇంకో అడుగు ముందుకేసి, పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో "అందరూ ఖాతాలు తెరిచి ‘ఉంచాలి’ అని రాయండి" అని మెసేజ్ పెట్టాడు. మార్కెటింగ్ అతను మరో 25 వేలు ఇస్తే పేజీని ‘పర్మనెంట్’ చేయిస్తానంటున్నాడు. అమ్మేమో, "మామ లేకపోతే నీ చదువెక్కడిదే" అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఇంతలో సింగరాయకొండ దగ్గరి ఒక ఊరి నుంచి ఆమె పాత విద్యార్థి ఫోన్ చేశాడు. "మేడం, వికీపీడియాలో ఉందంటే గవర్నమెంటు గుర్తింపు ఉన్నట్టే గదా, నాన్న అప్పు తెస్తానంటున్నాడు, చేరమంటారా?" అని. అది మామయ్య సంస్థ అని అతనికి తెలియదు. ఆమె చెప్పలేక, మళ్లీ చేస్తానని పెట్టేశారు.

"ఆ పేజీ ఉండకూడదని నాకు తెలుసు. వేరేవాళ్లదైతే నేనే ఎప్పుడో మూస పెట్టేదాన్ని. ఎవరికీ తెలియకుండా ఇంకో ఖాతా తెరిచి ‘తొలగించాలి’ అని రాసేయొచ్చా? లేక కళ్లు మూసుకుని మామయ్య పక్షాన నిలబడాలా? నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

గడువు నడుస్తోంది కాబట్టి అర్జెంటు మాట ముందు చెబుతాను. రెండో ఖాతా తెరవకండి. మీ ఉద్దేశం మంచిదే అయినా, ఒకే చర్చలో సంబంధం దాచిపెట్టి వేరే పేరుతో అభిప్రాయం రాయడం అక్కడ తప్పు కిందే లెక్క. మీ పేరు బయటపడకూడదనే కారణంతో ఇంకో ఖాతా వాడుకునే వెసులుబాటు కొంతవరకు ఉంది గానీ, ఇలాంటి తొలగింపు చర్చలకు అది వర్తించదు. అనుమానం వస్తే సాంకేతికంగా తనిఖీ చేసే అధికారం ఉన్న వాడుకరులు ఉంటారు. దొరికిపోతే ఆరేళ్లుగా మీరు దిద్దిన ఊళ్ల పేజీల మీద కూడా అనుమానం పడుతుంది. అంతకంటే ఎక్కువగా, రేపు మామయ్యకు తెలిసిందనుకోండి, ఎదురుగా చెప్పిన మాటనైతే ఆయన క్షమించగలరు. చాటుగా చేసిన పనిని క్షమించడం చాలా కష్టం.

ఇక మామయ్య "మీ వాళ్లు" అన్నారు చూడండి, ఈ తగాదాకి మూలం ఆ ఊహలోనే ఉంది. వికీపీడియా ఒక ఆఫీసులాంటిదని, లోపల తెలిసినవాళ్లుంటే ఫైలు కదులుతుందని ఆయన అనుకుంటున్నారు. మన చుట్టూ చాలా పనులు అట్లాగే జరుగుతాయి కాబట్టి ఆయన్ను తప్పుపట్టను. కానీ అక్కడ నిర్వాహకులకు ఉన్న అధికారం చర్చలో తేలినదాన్ని అమలు చేయడం వరకే. మీరు ఎవరికి ఫోన్ చేసినా, వాళ్లు మర్యాదస్తులైతే "చర్చ పేజీలో రాయండి" అంటారు. కాబట్టి "మామయ్యా, నేను చెప్పినా వినరు" అనడం కన్నా "నేను చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు" అనడం నిజం. ఈ ఒక్క సంగతి ఆయనకు అర్థమైతే మీ మీద సగం ఒత్తిడి తగ్గుతుంది.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు ఆసాంతం చదివాను. తెలుగు పేజీ మొదటి వాక్యం ఇలా ఉంది: "ఆక్వా రంగంలో అత్యున్నత ప్రమాణాలకు నిలువుటద్దమైన ఈ సర్టిఫికేషన్ వేలాది యువత జీవితాల్లో వెలుగులు నింపుతూ అంతర్జాతీయ ఖ్యాతి గడించింది." ఇందులో బయటివాళ్లెవరూ చెప్పని మాటలన్నీ తీసేసి చూడండి. అత్యున్నతం అన్నదెవరు? వేలాది అని లెక్కపెట్టిందెవరు? ఏ దేశంలో ఖ్యాతి? చివరికి "నెల్లూరులోని ఒక ప్రైవేటు సంస్థ ఆరు వారాల శిక్షణ తర్వాత ఇచ్చే సర్టిఫికెట్" అన్నంతే మిగులుతుంది. అది తప్పు మాటేమీ కాదు, గౌరవమైన మాటే. కానీ విజ్ఞాన సర్వస్వంలో ఒక పేజీకి అది చాలదు. కింద ‘ఫీజు, బ్యాచ్ తేదీలు, సంప్రదించాల్సిన నంబరు’ అని ఒక విభాగమే ఉంది. అది చూశాక తొలగించమన్నవాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు.

మూలాల సంగతి చూద్దాం. తొమ్మిది ఉన్నాయి. నాలుగు సంస్థ సొంత వెబ్‌సైటువి. రెండు ఫేస్‌బుక్, యూట్యూబ్ లింకులు, అవీ సంస్థవే. ఒకటి ఐఎస్‌ఓ 9001 సర్టిఫికెట్ స్కాన్. ఒకటి ఉద్యమ్ రిజిస్ట్రేషన్. మిగిలిన ఒక్కటి ఒక దినపత్రిక జిల్లా పేజీలో వచ్చిన ప్రారంభోత్సవం వార్త. వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో ఉంది గానీ, కోర్సులో ఏం చెబుతారో ఒక్క ముక్క లేదు.

ఐఎస్‌ఓ కాగితం గురించి మామయ్యకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆయన దాన్ని నిజంగానే గుర్తింపు అనుకుంటూ ఉండొచ్చు. ఐఎస్‌ఓ అనే సంస్థ ప్రమాణాలు రాస్తుంది, ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు. తనిఖీ చేసి ఇచ్చేది వేరే సంస్థలు. పైగా 9001 చూసేది పని నడిపే పద్ధతిని: రికార్డులు సరిగా ఉన్నాయా, ఫిర్యాదు వస్తే ఏం చేస్తారు, ఇట్లాంటివి. క్లాసులో వైట్ స్పాట్ (రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వైరస్ రోగం) గురించి చెప్పిన పాఠం సరైనదో కాదో దానికి సంబంధం లేదు. ఉద్యమ్ సంగతీ అంతే. ఆధార్ నంబరుతో మనకు మనమే వివరాలిచ్చి, పైసా ఖర్చు లేకుండా చేసుకునే చిన్న పరిశ్రమల నమోదు అది. శిక్షణ బాగుందని ప్రభుత్వం ఇచ్చిన కితాబు కాదు. ఈ రెండింటినీ బ్రోచర్ మీద ‘గుర్తింపులు’ అనే శీర్షిక కింద వేశారని రాశారు. అది ఈ పేజీ కంటే పెద్ద సమస్య, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇంత పట్టుబట్టడం అవసరమా అని మీ ఇంట్లో అడుగుతున్నారు. ఈ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లే కుర్రాడు ఎక్కడికి వెళ్తాడో చూస్తే అవసరమనే అనిపిస్తుంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రైతు పొద్దున్నే గుంట గట్టు మీద టెక్నీషియన్ కోసం ఎదురుచూస్తాడు. అతను మేత వేసి గుంటలో దించిన చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత చూసి, రొయ్యను వెలుతురుకి పట్టి పేగు రంగు చూసి ఒక మాట చెబుతాడు. ఆ మాట మీద మేత తగ్గుతుంది, మందు పడుతుంది, లేదా రొయ్య అమ్మే సైజుకి (కౌంటుకి) రాకముందే పట్టుబడి జరిగిపోతుంది. తొంభైల మధ్యలో వైట్ స్పాట్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఈ తీరంలో ఎన్ని కుటుంబాలు కుదేలయ్యాయో మీ అమ్మగారి తరాన్ని అడగండి. 2009 తర్వాత వనామి అనే రొయ్య రకం వచ్చి మళ్లీ లేచి నిలబడ్డారు. ఇప్పుడు క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్లు సరుకులో కనబడితే విదేశీ రేవులోనే కంటెయినర్ తిరస్కరిస్తారు. అట్లాంటి చోట ఎవరు నిజంగా చదివారు, ఎవరు ఎంత చదివారు అన్నది రైతుకు ప్రాణప్రదమైన సమాచారం. వికీపీడియాని జనం నమ్మేది అక్కడ రాసింది ఆ సంస్థవాళ్లు కాదనే. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గుణగణాలు ఊళ్లో వాకబు చేస్తే, వాకబులో చెప్పినాయన అబ్బాయి తండ్రే అని తర్వాత తెలిస్తే ఎట్లా ఉంటుంది? ఆ పేజీ చదివిన రైతు పరిస్థితి అదే.

ఇందులో మామయ్యకు అన్యాయం జరగకూడని సంగతి కూడా ఒకటుంది. మీ ఉత్తరంలో మీరే రాశారు, ఆయన నిజంగా చెబుతారని, పిల్లల్ని గుంటల దగ్గరికి తీసుకెళ్తారని, మైక్రోస్కోపు ముందు కూర్చోబెడతారని. పేజీ తొలగిస్తే ఆ కోర్సు చెడ్డదని తీర్పు వచ్చినట్టు కాదు. ఇప్పటిదాకా బయటివాళ్లు దాని గురించి లోతుగా రాయలేదు, అంతవరకే ఆ తీర్పు. దేశంలో ఎన్నో మంచి ట్యుటోరియల్స్, మంచి వర్క్‌షాపులు వికీపీడియాలో లేవు. పరువు పోయిందని ఆయన అనుకోవాల్సిన పని లేదు. పరువు పోగొట్టుకునే దారులు వేరే ఉన్నాయి, మీ బావ ఇప్పుడు వాటిలో ఒకదాంట్లో నడుస్తున్నాడు.

ఆ వాట్సాప్ మెసేజ్ ఈ రోజే తీయించండి. తొలగింపు చర్చలో చేతులెత్తి లెక్కపెట్టరు. వాదన, ఆధారం చూస్తారు. నిన్న పుట్టిన ఇరవై ఖాతాలు వచ్చి ‘ఉంచాలి, చాలా మంచి సంస్థ’ అని రాస్తే, చర్చ ముగించేవాళ్లు వాటిని పక్కన పెడతారు. పైగా బయటినుంచి జనాన్ని పోగేశారన్న గుర్తు ఆ చర్చకు పడుతుంది. పేజీ పోయినా చర్చ మాత్రం నిలిచి ఉంటుంది. రేపు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే సంస్థ పేరు పక్కన ‘దొంగ ఖాతాలు’ అన్న మాట చదువుతారు. అదేపనిగా పేజీని మళ్లీ మళ్లీ సృష్టిస్తే ఆ శీర్షికకే తాళం వేసేస్తారు. అప్పుడు ఐదేళ్ల తర్వాత నిజంగా అర్హత వచ్చినా దారి కష్టమవుతుంది. మీ బావకు ఈ చివరి మాట చెప్పండి, వ్యాపారం చూసుకునేవాడు కాబట్టి తొందరగా ఎక్కుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

పేజీని నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు. దానికి సంస్థతో సంబంధం లేనివాళ్లు దాని గురించి వివరంగా రాసినవి కావాలి: ఒక పత్రిక సొంతంగా చేసిన కథనం, ఆక్వా రంగం మీద ఒక అధ్యయనంలో ఈ శిక్షణ ప్రస్తావన, అట్లాంటివి. మామయ్య దగ్గర కట్టలు కట్టలు క్లిప్పింగులు ఉంటాయి, కూర్చుని చూడండి. ఒక్కటైనా గట్టిది దొరికితే చర్చలో చూపించడం న్యాయమే. కానీ నిలబడ్డాక ఆ పేజీ మామయ్య చేతిలో ఉండదు. పొగడ్తలన్నీ పోయి నాలుగు పొడి వాక్యాలు మిగులుతాయి. రేపు ఎవరైనా విద్యార్థి ఫీజు తిరిగివ్వలేదని కేసు వేసి అది పత్రికల్లో వస్తే అదీ అక్కడ చేరొచ్చు, తీసేయమనే హక్కు ఆయనకు ఉండదు. ఈ సంగతి తెలిసినా కావాలంటారా అని అడగండి.

పేజీని చిత్తుప్రతిగా మార్చమని అడగడం ఇంకో దారి. ఇంగ్లిష్‌లో ఆ ఏర్పాటు ఉంది. అయితే ఆరు నెలలు ఎవరూ ముట్టకపోతే చిత్తుప్రతి కూడా పోతుంది. స్వతంత్ర మూలాలు రాబోతున్నాయన్న ఆశ ఏదైనా ఉంటేనే ఇది పనికొస్తుంది. లేకపోతే తగాదాను ఆరు నెలలు వాయిదా వేసుకోవడమే.

మూడోది, నాకు అన్నిటికన్నా మర్యాదగా తోచేది: మామయ్యే తన సొంత పేరుతో ఒక ఖాతా తెరిచి చర్చలో రెండు వాక్యాలు రాయడం. "ఈ సంస్థ నాది. ఈ పేజీని డబ్బు తీసుకున్న వ్యక్తి రాశాడు, నియమాలు నాకు తెలియవు, తొలగింపుకు నాకు అభ్యంతరం లేదు." అంతే. అట్లా రాసిన మనిషిని అక్కడివాళ్లు గౌరవిస్తారు. చర్చ తొందరగా, మాటలు పెరగకుండా ముగుస్తుంది. తొలగించిన పేజీ మనకు కనబడదు గానీ నిర్వాహకులు చూడగలరు. రేపు మంచి మూలాలు వస్తే మళ్లీ అడగడానికి తలుపు తెరిచే ఉంటుంది. తెలుగు వికీపీడియా, ఇంగ్లిష్ వికీపీడియా వేటి నిర్ణయం వాటిదే కాబట్టి రెండు చోట్లా విడివిడిగా రాయాలి.

మీ మటుకు మీరు ఏమీ రాయకుండా ఉండిపోవచ్చు. నోరు విప్పి తీరాలని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేరు. బంధుత్వం ఉన్నచోట పక్కకు జరగడం పిరికితనం కాదు, పద్ధతి. దీనివల్ల ఇబ్బంది ఒక్కటే. మామయ్య మిమ్మల్ని అడిగారని మీ బావ ఎక్కడైనా రాసేస్తే, ఆరేళ్ల వాడుకరివై ఉండి ఎందుకు చెప్పలేదని ప్రశ్న వస్తుంది. అందుకని మౌనం కన్నా ఒక చిన్న ప్రకటన మేలని నా అభిప్రాయం. చర్చ పేజీలో, మీ పాత ఖాతాతోనే, "ఈ సంస్థ నిర్వాహకులు నాకు దగ్గరి బంధువు, అందుకే ఈ చర్చలో అభిప్రాయం చెప్పడం లేదు" అని రాయండి. ఉంచాలనీ వద్దు, తొలగించాలనీ వద్దు. మీరు ‘తొలగించాలి’ అనకపోయినా ఆ పేజీ పరిస్థితి మారదు, ఉన్న ఆధారాల మీదే అది తేలిపోతుంది. మీ ఒక్క మాటతో పోయిందన్న నింద మాత్రం మీ మీద పడకుండా ఉంటుంది. బంధువుల ఫోన్లు మొదలవుతాయనుకుంటే ‘దగ్గరి బంధువు’ బదులు ‘నాకు వ్యక్తిగత సంబంధం ఉంది’ అంటే సరిపోతుంది.

మార్కెటింగ్ అతని విషయంలో మాత్రం రెండు దారుల్లేవు. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. వికీపీడియాలో ఏ పేజీనీ ఎవరూ పర్మనెంట్ చేయలేరు, చేస్తానన్నవాడు అబద్ధం చెబుతున్నాడు. ఇది కొత్త ఎత్తు కూడా కాదు. 2015 ఆగస్టు చివర్లో ఇంగ్లిష్ వికీపీడియా ఒకే ముఠాకి చెందిన 381 ఖాతాలను నిరోధించింది, వాళ్లు పెట్టిన 210 పేజీలను తీసేసింది. ఆ ముఠా చిన్న వ్యాపారుల దగ్గర, కళాకారుల దగ్గర పేజీ పెట్టడానికి డబ్బు తీసుకుని, తర్వాత ఆ పేజీ పోకుండా కాపాడతామని నెలనెలా వసూలు చేసేది. మామయ్య దగ్గరికి వచ్చింది అదే బేరం. ఇంకో సంగతి: డబ్బు తీసుకుని రాయడాన్ని వికీపీడియా పూర్తిగా నిషేధించలేదు, కానీ ఎవరి తరఫున రాస్తున్నారో, ఎవరు డబ్బిస్తున్నారో బయటికి చెప్పాలని 2014 నుంచి వాడుక నిబంధనల్లోనే ఉంది. పేజీ చరిత్రలోకి వెళ్లి అతని వాడుకరి పేజీ చూడండి. అక్కడ ఆ ప్రకటన లేకపోతే, మామయ్య 60 వేలిచ్చి కొన్నది మొదటినుంచీ నిబంధనలకు విరుద్ధమైన సరుకు. అతను చేసిన వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన రసీదులు దాచిపెట్టమనండి. బెదిరింపు ధోరణిలోకి దిగితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు.

అతను గూగుల్లో పైకి రావడానికి ఆ పేజీ లింకు అవసరం అని కూడా చెప్పాడన్నారు. వికీపీడియా నుంచి బయటికి వెళ్లే లింకులను లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే గుర్తు 2007 నుంచి ఇంగ్లిష్ వికీపీడియాలో ఉంది. అతనికి ఈ సంగతి తెలియకుండా ఉండదు.

బ్రోచర్ గురించి చెబుతానన్నాను. పేజీ ఉన్నా పోయినా, ‘వికీపీడియాలో నమోదైన’ అన్న మాట, ‘గుర్తింపులు’ అన్న శీర్షిక కొత్త బ్యాచ్ బ్రోచర్‌లో ఉండకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర ప్రాధికార సంస్థకు 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఇచ్చింది. ఆయనకు కోపం వచ్చినా ఈ మాట చెప్పాల్సింది మీరే, ఎందుకంటే ఇది ఆయన్ను కాపాడే మాట. దాని బదులు సొంత వెబ్‌సైటులో నిజం నిండుగా రాయించండి. ఎవరు పాఠం చెబుతారు, వాళ్లు ఏం చదివారు, ఎన్ని గంటలు క్లాసు, ఎన్నిసార్లు గుంట దగ్గరికి వెళ్తారు, ల్యాబులో ఏ పరీక్షలు చేయిస్తారు, మధ్యలో మానేస్తే ఫీజు సంగతేమిటి. "ఇది డిగ్రీ కాదు, ప్రభుత్వం ఇచ్చే అర్హత కాదు, పని నేర్పే శిక్షణ" అని మొదటి పేజీలోనే ఉండాలి. ఇన్నేళ్లు గుంటల మీద తిరిగిన మనిషి ఆ మాట ధైర్యంగా రాస్తే రైతులు తక్కువ చేసి చూడరు. నిజంగా ప్రభుత్వ గుర్తింపే కావాలంటే దానికి దారి ఉంది. వృత్తి విద్య అర్హతలను చూసే జాతీయ మండలి ఎన్‌సీవీఈటీ ఉంది, ఆ చట్రంలో ఉన్న ఆక్వా కోర్సులకు శిక్షణ కేంద్రంగా మారే అవకాశం గురించి ఆయన కనుక్కోవచ్చు. సమయం పడుతుంది, తనిఖీలు ఉంటాయి. వచ్చిన గుర్తింపు మాత్రం ఎవరూ మూస పెట్టి తీసేయలేరు.

ఇవన్నీ ఫోన్లో చెప్పకండి. ఇంగ్లిష్ వికీపీడియాలో చర్చ మామూలుగా వారం రోజులు నడుస్తుంది కాబట్టి వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు. రేపు కాలేజీ అయ్యాక నెల్లూరు బస్సెక్కండి. మీ బావ లేనప్పుడు, అత్తయ్య ఉన్నా ఫర్వాలేదు, మామయ్య పక్కన కూర్చుని ఆ మొదటి వాక్యం ఆయన చేతే పైకి చదివించండి. చదివాక "ఇందులో నువ్వు చేసే పని ఎక్కడుంది మామయ్యా?" అని అడగండి. గుంట గట్టు మీద సగం జీవితం గడిపిన మనిషికి, డబ్బు తీసుకుని ఎవరో రాసిన ఆ వాక్యంలో తాను లేనని తెలుస్తుందని నా నమ్మకం. "నా ఫీజు కట్టావు కాబట్టే నీకు అబద్ధం చెప్పలేకపోతున్నా" అన్న మాట మీ గొంతులోంచి రావాలి. ఆయన అరిస్తే అరవనివ్వండి. ఆ రోజే ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోయినా మీ ప్రకటన మీరు రాసుకోండి, రాయబోతున్నానని ముందే ఆయనకు చెప్పి రాయండి.

అమ్మకు ఇంత వివరం అక్కర్లేదు. "మామ నష్టపోకుండా చూస్తున్నా, ఇంకో పాతిక వేలు పోకుండా ఆపుతున్నా" అని చెప్పండి. అది నిజమే కదా. చదువు చెప్పించిన ఋణం పెద్దదే, నేను కాదనను. ఆ ఋణం తీర్చుకోవడానికి ఆయన వెబ్‌సైటు మీరే కూర్చుని తయారు చేసి పెట్టొచ్చు, అది మీ చేతిలో పని. వికీపీడియా పేజీ మీ సొత్తు కాదు, దాన్ని ఆయనకు ఇవ్వడానికి మీకు వీల్లేదు.

చివరగా ఆ కుర్రాడు. చర్చ ఎట్లా ముగిసినా ఫర్వాలేదు గానీ, అతనికి మాత్రం ఈ రోజు సాయంత్రమే ఫోన్ చేయండి. ముందు "అది మా మేనమామ సంస్థ" అని చెప్పేయండి, తర్వాత చెప్పే మాటలకు విలువ అప్పుడే ఉంటుంది. వికీపీడియాలో పేజీ ఉండటానికీ ప్రభుత్వ గుర్తింపుకూ ఏ సంబంధమూ లేదని చెప్పండి. ప్రభుత్వం ఒప్పుకున్న వృత్తి అర్హతలు జాతీయ అర్హతల రిజిస్టర్‌లో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు, ఆ పేరు అక్కడ ఉందో లేదో అతన్నే చూసుకోమనండి. ఇంటర్ బైపీసీ చదివి ఉంటే ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో నాలుగేళ్ల డిగ్రీ గురించి, అంత కాలం చదవలేనంటే చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సిబా, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా నిర్వహించే శిక్షణల గురించి కనుక్కోమనండి. మామయ్య దగ్గరే చేరాలనుకుంటే ఒకరోజు వచ్చి క్లాసులో కూర్చుని, కిందటి బ్యాచ్‌లో ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, అప్పుడు నిర్ణయించుకోమనండి. చేరమనీ, వద్దనీ మీరు చెప్పకండి. వాళ్ల నాన్న అప్పు పత్రం మీద సంతకం పెట్టేలోపు ఈ మాటలు అతని చెవిన పడితే చాలు.